కరిగిన కొవ్వు ఎటు పోతుంది?

ప్రియమైన పిల్లలకు,

కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేస్తున్న మన నల్లగొండ పిల్లలకు జిమ్‌లో ఎవరో ఒకరు ‘కొవ్వు కరిగించే క్యాప్సూల్స్’ అంటగడుతున్నారట. అవి నిజంగా పనిచేస్తాయా అని అడిగారు కదా. అసలు సంగతి చెబుతాను, ఓపికగా చదవండి.

మనం పరుగెత్తినా, టెన్షన్ పడినా ఒంట్లో అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది. కొవ్వు కణం మీద బీటా గ్రాహకాలు, అంటే ఆ హార్మోన్ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్లు, ఉంటాయి. అడ్రినలిన్ వాటిని తాకగానే లోపలి ఎంజైములు కొవ్వును విడగొడతాయి. అప్పుడు కొవ్వులోని భాగాలైన కొవ్వు ఆమ్లాలు, గ్లిజరాల్ బయటికొస్తాయి. అదే కణం మీద ఆల్ఫా-2 గ్రాహకాలూ ఉంటాయి, వాటిని తాకితే ఈ పని నెమ్మదిస్తుంది. అన్నం తిన్నాక పెరిగే ఇన్సులిన్ కూడా దీన్ని ఆపుతుంది. బీటా గ్రాహకాలను మూసేసే ప్రొప్రనొలాల్ లాంటి మందులూ అంతే. ఆ మందు తెచ్చిన జేమ్స్ బ్లాక్‌కు 1988లో నోబెల్ వచ్చింది. అలాగని తాతయ్య వేసుకునే బీపీ గోళీ మీరు మాన్పించకండి, అది గుండె కోసం.

ఇక రక్తం సంగతి. కొవ్వు ఆమ్లాలు నీళ్లలో సరిగా కరగవు. రక్తంలోని అల్బుమిన్ అనే ప్రొటీన్ వాటిని మోసుకుపోవాలి. ఐకేపీ సెంటర్‌లో వడ్లు కాంటా అయినా లారీ రాకపోతే బస్తాలు అక్కడే ఉంటాయి కదా, ఇదీ అంతే.

ఇదంతా ఎట్లా కొలుస్తారో నాకు భలే ఇష్టం. పొట్ట చర్మం కింది కొవ్వులోకి సన్నని గొట్టం దించి, అందులో ఉప్పునీటి లాంటి ద్రవాన్ని చాలా నెమ్మదిగా పారిస్తారు. బయటికొచ్చిన ద్రవంలో గ్లిజరాల్ ఎంతుందో చూస్తారు. కొవ్వు కణం గ్లిజరాల్‌ను దాదాపుగా తిరిగి వాడుకోదు కాబట్టి ఆ లెక్క నమ్మదగ్గది. ద్రవంలో కొంచెం ఆల్కహాల్ కూడా కలుపుతారు. అది తొందరగా తగ్గిపోతే అక్కడ రక్తం జోరుగా పారుతున్నట్టు. మందును కూడా ఆ గొట్టంలోంచే పంపవచ్చు, ఒళ్లంతా పాకకుండా చాలావరకు ఆ ఒక్కచోటే పనిచేస్తుంది. బీటా గ్రాహకాలను రేపే ఐసోప్రినలిన్ అనే మందు పంపితే గ్లిజరాల్, రక్తప్రవాహం రెండూ పెరుగుతాయి. అడ్రినలిన్‌కు దగ్గరి చుట్టం లాంటి నార్‌అడ్రినలిన్ మాత్రం ఒకవైపు కొవ్వును విడగొడుతూనే, ఇంకోవైపు రక్తనాళాలను బిగిస్తుంది.

అయితే విడిపోయిన కొవ్వును కండరాలు ఖర్చు చేయాలి. లేదంటే అది తిరిగి కొవ్వు కణాల్లోకో, కాలేయంలోకో చేరుతుంది. ఈ పని ఏ క్యాప్సూలూ మీ బదులు చేయదు. అలాంటి కొన్నిటిలో కెఫీన్ దట్టిస్తారు. కొందరైతే క్లెన్‌బ్యుటరాల్ కూడా వాడతారు. అది బీటా గ్రాహకాలను రేపే మందు, గుండె దడ, చేతుల వణుకు తెస్తుంది. ఆ మందు గుండెనూ వదలదు, అందుకే నాకు భయం.

నానమ్మకు ఇన్సులిన్ సూది వేసేదీ ఈ కొవ్వులోనే. రోజూ ఒక్కచోటే గుచ్చితే అక్కడ గడ్డలా గట్టిపడి, మందు సరిగా ఎక్కదు. పొట్ట మీద చోటు మార్చి మార్చి వేయమని అమ్మకు చెప్పండి.

మీ తాతయ్య