స్కీ కొండ మీద ఎండాకాలం సైకిల్: అపోహలు - వాస్తవాలు

కెనడాలో విస్లర్ అనగానే మనవాళ్లకి మంచు, స్కీయింగే గుర్తొస్తాయి. కానీ మే నెల మధ్య నుంచి అక్టోబర్ దాకా అదే కొండ మీదికి, స్కీ చేసేవాళ్లని తీగ మీద పైకి మోసే అవే లిఫ్టుల్లో సైకిళ్లు ఎక్కుతాయి, 1999 నుంచీ ఇదే కథ. వేసవిలో ఆ సైకిల్ దారులు తవ్వి, బాగుచేసే పని నాది. వీలున్నప్పుడు కొత్తవాళ్లకి నేర్పిస్తాను కూడా. వాంకూవర్ నుంచి 120 కిలోమీటర్లే కాబట్టి శనివారం లిఫ్ట్ లైన్లో తెలుగు బాగానే వినపడుతుంది. అక్కడ విన్న మాటలే ఇవన్నీ.

అపోహ: మంచు కరిగాక స్కీ చేసే వాలు మీదే సైకిళ్లు వదిలేస్తారు.

అస్సలు కాదు. స్కీ వాలు నిటారుగా కిందకి దిగుతుంది, వాన నీళ్లు కూడా అలాగే దిగుతాయి. అక్కడ సైకిల్ బాట వేస్తే నాలుగు వానలకి అది పంట కాలువ అయిపోతుంది. అందుకే పక్కన చెట్ల మధ్య నుంచి కొండకి అడ్డంగా, మెలికలు తిప్పుతూ వేస్తాం. మామూలుగా మేం పాటించే లెక్క ఒకటుంది: బాట వాలు కొండ వాలులో సగానికి మించకూడదు. మించిందంటే నీళ్లు బాటని దాటి పోకుండా దాని వెంటే పరిగెత్తి మట్టినంతా పట్టుకుపోతాయి. మధ్యమధ్యలో బాటని కాస్త పైకి లేపుతాం, అక్కడికొచ్చేసరికి నీళ్లు పక్కకి జారిపోతాయి. మలుపుల్లో బయటివైపు గోడలా మట్టి కడతాం, దాన్ని బర్మ్ అంటారు. చిన్న ప్రొక్లెయిన్‌తో సగం పని అవుతుంది, మిగతాదంతా పార, రేక్, నడుం నొప్పి. ఇంతకీ ఆ ఖాళీ స్కీ వాలు ఎవరిదంటారా? మే, జూన్‌లో లేత గడ్డి మేయడానికొచ్చే నల్ల ఎలుగుబంట్లది. లిఫ్ట్‌లోంచి కిందకి చూడండి, అదృష్టం ఉంటే కనిపిస్తాయి.

అపోహ: లిఫ్ట్ ఉంది కదా, ఇంక కష్టం ఏముంది?

ఒక బాబాయిగారు నాతో అన్న మాట: "తొక్కేది లేదు, ఎక్కేది లేదు, జారుకుంటూ రావడమేగా నాయనా!" రెండు రౌండ్లు దిగొచ్చాక వాటర్ బాటిల్ నా చేతికిచ్చి మూత తీసిపెట్టమన్నారు, పాపం. దిగేంతసేపూ సీటు మీద కూర్చోరు, పెడళ్ల మీద నిలబడే ఉంటారు. తొడలు మండుతాయి, బ్రేకులు పట్టీపట్టీ ముంజేతులు బిగుసుకుపోతాయి. మొదటి రోజుకి మూడు నాలుగు సార్లు చాలు. "లాస్ట్ ఒక్కటి" అని అలసిపోయి వెళ్లిన రౌండ్లోనే పడేవాళ్లని ఎక్కువగా చూశాను.

అపోహ: స్కీలో బ్లాక్ దిగుతాను, సైకిల్ మీద కూడా దిగేస్తాను.

గుర్తులు ఒకటే, పచ్చ వృత్తం అంటే తేలిక, నీలం చతురస్రం అంటే మధ్యస్తం, నల్ల డైమండ్ అంటే కష్టం. నైపుణ్యం మాత్రం వేరు. ముందు ఈజీ డజ్ ఇట్ లాంటి గ్రీన్ దారితో మొదలుపెట్టండి. ఏ-లైన్ అని బాగా పేరున్న నల్ల డైమండ్ దారి ఉంది, అక్కడి జంపులు మధ్యలో మట్టి నిండి బల్లలా ఉంటాయి, ఎగరకుండా పైనుంచి దొర్లించుకుంటూ పోవచ్చు. అలాగని మెల్లగా పోతుంటే వెనక నుంచి ఎగిరొచ్చేవాడు మీ మీదే దిగుతాడు.

అపోహ: వాన పడిందంటే టికెట్ దండగ.

చిన్న తుంపర పడితే మాకు పండగ. మట్టి టైరుని పట్టుకుంటుంది. బాగా ఎండి పొడి దుమ్మయినప్పుడే అసలు జారుడు, అందుకే ఎండలు ముదిరితే మేమే బాటలకి నీళ్లు కొడతాం. కాకపోతే తడిసిన చెట్ల వేళ్లు, చెక్క వంతెనలు సబ్బులా ఉంటాయి, వాటి మీద బ్రేక్ ముట్టుకోకండి. పిడుగుల వాతావరణం అయితే ఎలాగూ లిఫ్టులు ఆపేస్తారు.

అపోహ: బ్రేక్ ఎక్కడైనా బ్రేకే.

మనవాళ్లకి దీన్ని గట్టిగా చెప్పాలి. మన దగ్గర సైకిల్‌కైనా బైక్‌కైనా కుడి చేతి బ్రేక్ ముందు చక్రానిది, స్కూటీ మీదయితే ఎడమ చెయ్యి వెనక బ్రేక్. ఏళ్ల తరబడి అలవాటు. ఇక్కడ తిరగేసి ఉంటుంది, ఎడమది ముందు చక్రం, కుడిది వెనకది. పైగా హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులు, ఒక్క వేలితో చక్రం ఆగిపోతుంది. నా మొదటి వేసవిలో ఒక మలుపు ముందు కంగారుపడి, వెనక బ్రేక్ అనుకుని ఎడమది లాగేశాను. హ్యాండిల్ మీంచి ఎగిరి పొదల్లో పడ్డాను, మణికట్టుకి ఆరు వారాలు కట్టు. కాబట్టి లిఫ్ట్ ఎక్కకముందే చదునుగా ఉన్నచోట నెమ్మదిగా పోతూ ఒక్కో బ్రేక్ విడిగా నొక్కి చూడండి. చెయ్యి మాట వినకపోతే అద్దె షాపులో అడగండి, అటూ ఇటూ మార్చి ఇచ్చేవాళ్లుంటారు. ఆస్ట్రేలియా, బ్రిటన్ వాళ్లకీ ఇదే అలవాటు కాబట్టి మీరేమీ వింతగా అడిగినట్టు కాదు.

అలాగని భయపడి వెనక బ్రేక్ ఒక్కటే బిగించి జర్రున జారుకుంటూ రాకండి. మలుపు ముందే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే రెండూ కలిపి మెల్లగా పట్టి, మలుపులో వదిలేయాలి. అందరూ మలుపులోనే చక్రం లాక్ చేస్తే అక్కడ వరసగా గుంతలు లేస్తాయి, ఆ గతుకులకి మోచేతులు కదిలిపోతాయి. వాటిని మర్నాడు పొద్దున్నే పూడ్చేది కూడా నేనే.