మూడో రాత్రి వార్డులో: మందు అలవాటున్న పేషెంట్ల గురించి అపోహలు, వాస్తవాలు

నేను సైకియాట్రిస్టుని. అయినా రాత్రిపూట నాకొచ్చే ఫోన్లు చాలావరకు ఆర్థో, సర్జరీ వార్డుల నుంచే. "సార్, పేషెంట్ ఏదేదో మాట్లాడుతున్నాడు, సెలైన్ పీకేశాడు, ఒకసారి వస్తారా?" వెళ్లి కేస్ షీట్ చూస్తే అలవాట్ల దగ్గర "ఏమీ లేవు" అని రాసి ఉంటుంది.

అపోహ: ఆస్పత్రిలో చేరాడుగా, ఈ నాలుగు రోజులూ తాగకపోతే అలవాటు అదే పోతుంది.

ఆమధ్య తొడ ఎముక విరిగి ఒక తాపీమేస్త్రీ చేరాడు. మొదటిరోజు సాయంత్రం చేతులు వణికితే నొప్పికి అనుకున్నారు. రెండోరోజు నిద్ర లేదు, ఒళ్లంతా చెమటలు. మూడో రాత్రి నేను వెళ్లేసరికి మంచం మీద గాల్లో గోడ కడుతున్నాడు. ఎడమచేత్తో ఇటుక అందుకుంటున్నాడు, కుడిచేత్తో తాపీ ఆడిస్తున్నాడు, మధ్యమధ్యలో "మాలు పట్రారా" అని ఎవరి మీదో కేకలు. కాసేపు ఆగి దుప్పటి మీద లేని చీమల్ని ఏరుతున్నాడు. గాలి తగిలిందని భార్య అప్పటికే తాయెత్తు కట్టించింది.

గాలీ కాదు, ధూళీ కాదు. రోజూ మత్తు పడుతుంటే దాన్ని తట్టుకోడానికి మెదడు తన వేగం పెంచుకుంటుంది. మందు ఒక్కసారిగా ఆగితే మత్తు పోతుంది కానీ ఆ వేగం వెంటనే తగ్గదు. ఆఖరిసారి తాగిన 6 నుంచి 24 గంటల్లో వణుకు, చెమట, గుండెదడ మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య కొందరికి ఇలా మతి తప్పుతుంది. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటాం. వైద్యం అందకపోతే ప్రాణం మీదికొస్తుంది. మొదటిరోజే అసలు సంగతి చెబితే లోరాజిపామ్, క్లోర్‌డయాజిపాక్సైడ్ లాంటి మెదడు వేగాన్ని తగ్గించే మందులు సరిపడా ఇచ్చి, రోజురోజుకీ తగ్గించుకుంటూ వస్తాం. చాలామందికి మూడో రాత్రి మామూలుగానే గడిచిపోతుంది.

"కాస్త పోస్తే కుదుటపడతాడు" అని నీళ్ల సీసాలో కలిపి తెచ్చే బావమరుదులు ప్రతి వార్డులోనూ ఉంటారు. దయచేసి వద్దు. ఆపరేషన్‌కిచ్చే మత్తుమందుకీ, మేం వేసే మాత్రలకీ తోడు అదీ పడితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

అపోహ: రోజుకి ఒక్క క్వార్టరే. దాన్ని తాగుడంటారా?

లెక్క వేద్దాం. క్వార్టర్ అంటే 180 మి.లీ. మన విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ 42.8 శాతం. అంటే దాదాపు 60 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. 10 గ్రాములను ఒక డ్రింకుగా లెక్కిస్తే అవి ఆరు. తాగుడు ఏ స్థాయిలో ఉందో తేల్చడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన పది ప్రశ్నల ఆడిట్ (AUDIT) పరీక్షలో మూడో ప్రశ్న, ఒక్క పూటలో ఆరు డ్రింకులు, ఆపైన ఎన్నిసార్లు తాగుతారని. మనవాడు రోజూ అక్కడే ఉన్నాడు. బీరు చలవ అనేవారికి ఇంకో లెక్క: 8 శాతం ఉన్న 650 మి.లీ. స్ట్రాంగ్ బీరులో 40 గ్రాములు.

తప్పు మా వైపూ ఉంది. మామగారు పక్కన నిలబడి ఉండగా "తాగుతావా?" అని అడిగితే ఎవరైనా "అప్పుడప్పుడూ సార్" అనే అంటారు. నేను ముందు అందర్నీ టీకి పంపించేస్తాను. తర్వాత "ఆఖరిసారి ఎప్పుడు, ఎంత?" అని అడుగుతాను. నిజం వస్తుంది.

అపోహ: కల్లు మందు కిందికి రాదు.

చెట్టు కల్లు సంగతి వేరు. కల్తీ కల్లులో ఆల్ప్రజోలామ్, డయాజిపామ్ లాంటి మత్తు మాత్రలు కలుపుతారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి కల్లు దుకాణాలు మూతపడగానే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం ఎందుకు పోటెత్తారో గుర్తుచేసుకోండి. ఆ మాత్రలు ఆగినా ఫిట్స్ వస్తాయి, ఒక్కోసారి కాస్త ఆలస్యంగా. కాబట్టి పెద్దావిడైనా సరే, కల్లు అలవాటుంటే సిగ్గుపడకుండా చెప్పండి.

అపోహ: నీరసంగా ఉన్నాడు, ముందు గ్లూకోజ్ ఎక్కించండి.

ఏళ్ల తరబడి తాగి, సరిగా తినని ఒంట్లో బి1 విటమిన్ అడుగంటి ఉంటుంది. అలాంటివాళ్లకి బి1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినొచ్చు. అయోమయం, తూలే నడక, కళ్లు సరిగా కదలకపోవడం దాని లక్షణాలు. చూసేవాళ్లు "ఇంకా దిగలేదు" అనుకుంటారు. అందుకే ముందు థయామిన్ (బి1) ఇంజెక్షన్, తర్వాతే గ్లూకోజ్.

అపోహ: లివర్ రిపోర్టు నార్మల్, కాబట్టి ఫర్వాలేదు.

లివర్ చాలాకాలం ఓర్చుకుంటుంది. రిపోర్టు బాగున్నా, మందు ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ రావచ్చు.

అపోహ: తెలియకుండా అన్నంలో కలిపే మందుంది, అది చాలు.

గోడల మీద ప్రకటనలు చూసి అడుగుతారు. ఆ పొడుల్లో ఏముందో మనకి తెలియదు. ఒకవేళ అది తాగితే ఒంటికి పడకుండా చేసే డైసల్ఫిరామ్ అయితే, అది ఒంట్లో ఉన్నట్టు తెలియక అతను తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. గుండె జబ్బున్నవాడు చనిపోనూవచ్చు. పేషెంటుకి చెప్పి, ఒప్పించి ఇవ్వాల్సిన మందు అది. తాగాలన్న యావ తగ్గించడానికి నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ ఉన్నాయి. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్లకి బాక్లోఫెన్ ఆలోచిస్తాం.

మేస్త్రీ ఐదోరోజుకి తేరుకున్నాడు. గోడ సంగతి అస్సలు గుర్తులేదు. భార్య చెబితే తల దించుకుని నవ్వి, "అసలు మానగలనా సార్?" అన్నాడు. వార్డుల్లో ఈ ప్రశ్న ఎక్కువగా ఇలాంటి రోజునే వింటాను, కాలు కట్టులో ఉన్నప్పుడు. మాత్రలు రాసి, ఆర్థో ఓపీకి వచ్చే రోజే నా గదికీ రమ్మన్నాను. బస్సు చార్జీ ఒక్కసారే అవుతుంది.