సైన్ ఆఫ్ అంటే గ్యాంగ్‌వే దిగడం కాదు

అపోహ: నావికుడు గ్యాంగ్‌వే (ఓడకూ రేవుకూ మధ్య వేసే మెట్లు) దిగి రేవులో కాలు పెడితే సైన్ ఆఫ్ అయినట్టే.

వాస్తవం: షోర్ లీవ్ (ఓడ రేవులో ఉండగా ఇచ్చే కొద్దిసేపటి సెలవు) మీద ఊళ్లోకి వెళ్లినవాడి పేరు క్రూ లిస్టులోనే (సిబ్బంది జాబితాలోనే) ఉంటుంది, గడువులోగా తిరిగి రావాల్సిందే. సైన్ ఆఫ్ అంటే ఒప్పందం ముగిసిందని కాగితం మీదికి ఎక్కడం. మాట పుట్టుకా అక్కడే. వర్తక ఓడల నావికులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలని బ్రిటన్ 1729లో చట్టం చేసింది. ఆ పత్రాన్ని ‘ఆర్టికల్స్’ అంటారు. దానిమీద సంతకం పెట్టి ఎక్కడం సైన్ ఆన్, దాన్నుంచి విడుదల కావడం సైన్ ఆఫ్. సీడీసీ (కంటిన్యువస్ డిశ్చార్జ్ సర్టిఫికెట్, అంటే నావికుడి సర్వీసు పుస్తకం) పేరులోని ‘డిశ్చార్జ్’ కూడా ఆ విడుదలే.

అపోహ: ఓడ దిగడాన్ని చెప్పే ‘డిసెంబార్క్’లోని ‘బార్క్’ అంటే చెట్టు బెరడు.

వాస్తవం: కాదు, పడవ. లాటిన్ ‘బార్కా’ నుంచి వచ్చింది. ఈ మాట ప్రయాణికులకే ఎక్కువ, సిబ్బంది నోట వినిపించేది సైన్ ఆఫే.

అపోహ: రిలీవర్ (బదులుగా వచ్చే నావికుడు) రాకపోతే కంపెనీ ఎన్నాళ్లయినా ఉంచుకోవచ్చు.

వాస్తవం: భారత్ 2015లో ఆమోదించిన ఎంఎల్‌సీ 2006 (నావికుల పని పరిస్థితులపై అంతర్జాతీయ ఒప్పందం) ప్రకారం ఓడ మీద ఏకధాటిగా ఉంచే కాలం 12 నెలల లోపే. నెలకు 2.5 రోజుల చొప్పున వచ్చే సెలవు తీసేస్తే మిగిలేది 11 నెలలు. ఒప్పందం ముగిశాక ఇంటికి చేర్చే ఖర్చు ఓనరుదే. దానికోసం జాయినింగ్ అప్పుడే డబ్బు కట్టించుకోవడం నిషిద్ధం. మధ్యలో మానేయాలంటే నోటీసు కనీసం 7 రోజులు, మీ ఒప్పందంలో అంతకన్నా ఎక్కువ రాసి ఉండొచ్చు.

అపోహ: సీడీసీలో తేదీ ఒకరోజు అటూఇటూ అయితే ఏం పోయింది?

వాస్తవం: హడావుడిగా బ్యాగు సర్దుకునేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పై హోదా పరీక్షకు సీ టైమ్ (ఓడ మీద పనిచేసిన కాలం) లెక్క ఈ తేదీల నుంచే. హ్యాండోవర్ (పని అప్పగింత) అయ్యాక, గ్యాంగ్‌వే దిగకముందే ఓడ పేరు, 7 అంకెల ఐఎంఓ నంబరు (ఓడ గుర్తింపు సంఖ్య), హోదా, ఎక్కిన దిగిన తేదీలు, రేవులు, కెప్టెన్ సంతకం, ఓడ ముద్ర సరిచూసుకోండి. తప్పుంటే కెప్టెన్ చేతే దిద్దించి, దిద్దిన చోట సంతకం, ముద్ర వేయించండి. సొంతంగా వైట్‌నర్ పూస్తే ఆ ఎంట్రీ మీదే అనుమానం వస్తుంది. ఓడ రేవు వదిలాక సవరణ కోసం కంపెనీ ఆఫీసు చుట్టూ తిరగాలి.

పన్ను సంగతీ ఉంది. భారత్ నుంచి విదేశానికో, విదేశం నుంచి భారత్‌కో సాగే అంతర్జాతీయ ప్రయాణాల్లో, భారత పౌరుడైన నావికుడు దేశం బయట గడిపిన రోజుల్ని సీడీసీలోని సైన్ ఆన్, సైన్ ఆఫ్ తేదీలతోనే లెక్కించాలని 2015లో తెచ్చిన ఆదాయపు పన్ను నిబంధన 126 చెప్పింది. ఆర్థిక సంవత్సరంలో దేశంలో ఉన్న రోజులు 182కి చేరితే ఎన్ఆర్ఐ హోదా పోతుంది. 181 దగ్గర ఉన్నవాడికి ఒక్క తప్పుడు తేదీ చాలు.