గ్రహాల బొమ్మ చూసి మనిషి గుణం తేల్చేస్తారా? పర్లాకిమిడి పంతులు చెప్పే అపోహలు - వాస్తవాలు

మొన్న శనివారం మధ్యాన్నం భోజనానికి లేవబోతుంటే పాతపట్నం నించి ఒకావిడ వచ్చారు, చేతిలో ఫోను, ఫోన్లో ఒక స్క్రీన్‌షాటు. "పంతులుగారూ, గుణుపురం సంబంధమండి, గుంటడు మంచోడే అంటన్నారు గానీ యాప్‌లో ఏసి చూస్తే పాశ యోగం అని వచ్చిందండి, పాశం అంటే యముడి చేతిలో ఉంటాది కదండీ, అలాటోడికి పిల్లనెలా ఇస్తాం" అని ఒకటే కంగారు. కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి విషయం చెప్పేసరికి నా భోజనం మూడయింది. ఇదే మాట ఇంకొకరికి మళ్లీ మొదట్నించీ చెప్పే ఓపిక లేక ఇక్కడ రాసి పెడుతున్నా.

ముందే ఒక మాట. ముప్పై ఏళ్లుగా జాతకాలు చూస్తున్నా, మా నాన్నగారి దగ్గర నేర్చుకున్నా, ఆ డబ్బులతోనే ఇల్లు నడుస్తోంది, కాబట్టి జ్యోతిషం మీద కోపంతో రాస్తున్నాననుకోకండి. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ గ్రాంథికం రాస్తే బాగోదని మాట్లాడినట్టే రాస్తున్నా.

అపోహ: యోగం పేరు ఏదైతే మనిషి గుణం అదే

పాశం అంటే ఉరితాడు, శూలం అంటే పొడిచేవాడు, వీణ అంటే సంగీతం... ఇలా పేరుని పట్టుకుని కథలల్లేస్తున్నారు. అసలు ఇవన్నీ నాభస యోగాలు, వరాహమిహిరుడి బృహజ్జాతకం అనే పాత జ్యోతిష గ్రంథంలో 32 ఉన్నాయి. గ్రహాలన్నీ కలిసి ఆకాశంలో ఏ బొమ్మ కట్టాయి అని చూడ్డమే వీటి పని. రాహుకేతువుల్ని లెక్కలోకి తీసుకోరు, రవి నించి శని దాకా ఏడే. అందులో సంఖ్యా యోగాలని ఏడున్నాయి, వీటికి లగ్నంతో, అంటే పుట్టిన వేళకి తూర్పున ఉదయించే రాశితో కూడా పనిలేదు, ఏడు గ్రహాలు ఎన్ని రాశుల్లో ఉన్నాయో లెక్కెట్టుకోడమే. ఏడు రాశుల్లో ఉంటే వీణ, ఆరు అయితే దామ, ఐదు పాశం, నాలుగు కేదారం, మూడు శూలం, రెండు యుగం, అన్నీ ఒకే రాశిలో కూర్చుంటే గోళం. అంతే. చిన్న పిల్లాడైనా లెక్కపెట్టేస్తాడు.

ఆ గుణుపురం కుర్రాడిదే చూడండి, 1996 జూన్ మూడో వారం పుట్టుక. రవి మిథునంలో, బుధుడు శుక్రుడు కుజుడు ముగ్గురూ వృషభంలో, చంద్రుడు సింహంలో, గురువు ధనుస్సులో, శని మీనంలో. వేళ్ల మీద లెక్కపెట్టండి, ఐదు రాశులు, పాశం అయింది. ఇప్పుడు ఒక పదిరోజులు ముందుకెళ్లి జూలై 1 పౌర్ణమి నాడు చూస్తే చంద్రుడెళ్లి గురువు పక్కన ధనుస్సులో చేరాడు, బుధుడు రవి ఉన్న మిథునంలోకొచ్చేశాడు, నాలుగే రాశులు, కేదారం. కేదారం అంటే సాగుచేసుకునేవాడు, పదిమందికీ పనికొచ్చేవాడు అని శాస్త్రం. అంటే ఈ కుర్రాడే పదిరోజులు ఆలస్యంగా పుట్టి ఉంటే ఈవిడ నా దగ్గరికి స్వీట్ ప్యాకెట్టుతో వచ్చేవారు!

ఇంకో సంగతి, చంద్రుడు ఒక రాశిలో సుమారు రెండుంపావు రోజులుంటాడు. మిగతా గ్రహాలు ఆలోపు రాశి మారకపోతే ఆ రెండుంపావు రోజుల్లో పుట్టిన ప్రతి బిడ్డకీ అదే సంఖ్యా యోగం. ఒక్క మన దేశంలోనే లక్షకి పైన బిడ్డలు. వాళ్లందరిదీ ఒకే గుణం అంటే మీరు నమ్ముతారా? 1962 ఫిబ్రవరి మొదటి వారంలో అష్టగ్రహ కూటమి వచ్చింది కదా, ఏడు గ్రహాలూ ప్లస్ కేతువు మకరంలో, లోకం మునిగిపోద్దని ఊరూరా హోమాలు చేశారు, మా నాన్నగారు కథలు కథలుగా చెప్పేవారు. అది పక్కా గోళ యోగం. శాస్త్రంలో గోళానికి రాసిన ఫలం దరిద్రం, మురికి, చదువు లేకపోవడం. ఆ రోజుల్లో పుట్టినవాళ్లు ఇప్పుడు అరవై దాటి రిటైరయి పెన్షన్ తీసుకుంటున్నారు, అందులో మాస్టార్లూ ఉంటారు డాక్టర్లూ ఉంటారు.

ఇంతకీ పాశానికి బృహజ్జాతకం చెప్పేది ఉరితాడు కాదండి, డబ్బు సంపాదించే నేర్పు, చుట్టూ బంధువులు, పనివాళ్లు. పెళ్లి సంబంధానికి ఇంకేం కావాలి.

అపోహ: కాగితం మీద కనిపించే ఆకారమే అసలు ఆకారం

ఇది మన ఆంధ్రా ఒడిశా సరిహద్దు ఊళ్లకే ప్రత్యేకమైన తంటా, హైదరాబాదు వాళ్లకి అర్థం కాదు. ఇక్కడ ఒకే కుటుంబంలో అబ్బాయి జాతకం తెలుగు చక్రంలో ఉంటుంది, కోడలిది ఒడియా తాటాకు మీద గంటంతో గీసి ఉంటుంది. మన చక్రం చుట్టూ పన్నెండు గళ్లు, పై వరసలో ఎడమ నించి రెండో గడి మేషం, అక్కణ్ణించి గడియారం ముల్లు తిరిగినట్టు కుడికి వెళ్తాం. ఒడియా చక్రంలో మేషం పైన మధ్యలో, వృషభం దానికి ఎడమ పక్క, అంటే ముల్లుకి ఎదురు తిరగాలి, మూలల్లో గళ్లు కూడా అడ్డంగా కోసిన త్రికోణాలు.

ఇప్పుడు తాటాకు మీద గ్రహాలన్నీ ఎడమ పక్కకి పోగుపడి కనిపిస్తే "ఓలమ్మో ఒకవైపే ఉన్నాయి, ఈ పిల్లది ఒంటెద్దు పోకడ" అనేసిన పెద్దమనుషులు నాకు తెలుసు. అవే గ్రహాల్ని మన చక్రంలోకి ఎక్కిస్తే కుడి పక్కకి వచ్చేస్తాయి. ఆకాశంలో ఎడమా లేదు కుడీ లేదు, రాశి నించి రాశికి దూరమే లెక్క. నేనైతే తాటాకు రాగానే ముందు ఏ గ్రహం ఏ రాశి అని ఒక తెల్లకాగితం మీద వరసగా రాసుకుంటా, చక్రం తర్వాతే.

నెలల దగ్గర ఇంకో గొడవ. మనకి అమావాస్యతో నెల అవుతుంది, ఒడియా వాళ్లకి పౌర్ణమితో. మన శ్రావణ బహుళాష్టమి కృష్ణాష్టమి వాళ్ల లెక్కలో భాద్రవం. తాటాకు మీద భాద్రవ కృష్ణ పక్షం అని చూసి మన పంచాంగంలో భాద్రపద బహుళం తిరగేశారో, సరిగ్గా నెల తప్పుతుంది, రవి చంద్రులిద్దరూ ఒక్కో రాశి ముందుకి జరిగిపోతారు, మీ పాశం కాస్తా ఇంకేదో అవుతుంది. నేను కుర్రతనంలో ఈ తప్పు చేశాను, ఒడియా జ్యోతిషుడు ఒకాయన నవ్వి దిద్దాడు. వాళ్లని తక్కువ చెయ్యకండి, వెదురు బొంగులతో ఆకాశాన్ని కొలిచి సిద్ధాంత దర్పణం రాసిన పఠాణి సామంత గారి లెక్క వాళ్లది, పూరీ జగన్నాథుడి సేవలకి కూడా ఆ లెక్కే పట్టారు.

అపోహ: పాత గ్రంథంలో ఉందంటే ప్రశ్నించకూడదు

ఇది చెప్పడం నాకు మహా ఇష్టం. వజ్ర యోగం అని ఒకటుంది. శుభగ్రహాలు లగ్నంలోనూ అక్కణ్ణించి ఏడో రాశిలోనూ ఉండాలి, పాపగ్రహాలు నాలుగులో పదిలో ఉండాలి. రవి పాపగ్రహం, బుధ శుక్రులు శుభులు. అంటే రవికీ బుధ శుక్రులకీ మధ్య నాలుగో రాశి దూరం రావాలి. కానీ బుధుడు రవి నించి 28 డిగ్రీలు దాటి వెళ్లడు, శుక్రుడు 47 దాటడు, వీధి చివర కట్టేసిన దూడల్లాగా రవి చుట్టూనే తిరుగుతుంటారు. వజ్రం పడే దారే లేదు. ఇది నేను కనిపెట్టిన గొప్ప కాదు, వరాహమిహిరుడే ఆ అధ్యాయంలోనే రాసిపెట్టాడు, పూర్వ శాస్త్రంలో ఉంది కాబట్టి వజ్రం లాంటివి నేనూ చెప్పాను గానీ రవికి నాలుగింట బుధ శుక్రులెలా ఉంటారయ్యా అని. దాదాపు పదిహేను వందల ఏళ్ల కిందటి పెద్దాయనే అడిగితే లేనిది, వాట్సాప్‌లో వచ్చిన ఫలితాన్ని మనం అడిగితే తప్పేంటి? ఆ మాట చదవకుండా "మీ అబ్బాయికి వజ్ర యోగం" అని చెప్పి దక్షిణ పుచ్చుకున్నవాళ్లు ఉన్నారు, పేర్లు అనవసరం.

అపోహ: కాలసర్పం ఉంటే మనిషి కుళ్లుబోతు, పగబడతాడు

క్లుప్తంగా చెప్తా, దీని మీద ఎక్కువ మాట్లాడితే బీపీ పెరుగుతుంది. బృహజ్జాతకంలో కాలసర్పం అనే మాటే లేదు. సర్ప యోగం ఉంది గానీ అది వేరు, పాపగ్రహాలు కేంద్రాల్లో, అంటే లగ్నం నించి ఒకటి, నాలుగు, ఏడు, పది స్థానాల్లో ఉండడం, రాహుకేతువులతో సంబంధం లేదు. మిగతా గ్రహాలన్నీ రాహుకేతువులకి ఒకే పక్క ఉన్న కాలంలో చంద్రుడు ఆ పక్కన ఉండే పదమూడు పద్నాలుగు రోజులూ పుట్టినవాళ్లందరికీ ఇది పడుతుంది. ఆస్పత్రిలో ఆ పక్షం వార్డు మొత్తం కాలసర్పమే. శాంతి పేరుతో అప్పు చేసినవాళ్లని చూశాను, చాలు.

అపోహ: ఇంగ్లీషు యాప్‌లో బకెట్, బౌల్ అన్నవి మన యోగాలే, పేర్లు వేరు

కాదు. ఆ ప్యాటర్న్‌లు అమెరికా జ్యోతిషుడు మార్క్ ఎడ్మండ్ జోన్స్ 1941లో పెట్టినవి. గ్రహాలన్నీ 120 డిగ్రీల లోపుంటే బండిల్, 180 లోపుంటే బౌల్, బౌల్‌కి ఎదురుగా ఒకటి విడిగా నిలబడితే బకెట్ చేతి కాడ, ఇలా ఏడు రకాలు. ఆయన పది గ్రహాలు తీసుకున్నాడు, 1781లో దొరికిన యురేనస్, 1846లో దొరికిన నెప్ట్యూన్, 1930లో దొరికిన ప్లూటో కూడా. ఇందాకటి 1962 కూటమి మన లెక్కలో గోళం, ఆయన లెక్కలో కనీసం బండిల్ కూడా కాదు, ఆ మూడూ దూరంగా ఉన్నాయి మరి. ఒక చిన్న ముచ్చట ఏంటంటే జోన్స్ బొమ్మకి అయనాంశతో, అంటే పాశ్చాత్య రాశిచక్రానికీ మన రాశిచక్రానికీ ఉన్న తేడాతో పనిలేదు, చక్రం మొత్తం 24 డిగ్రీలు తిప్పినా గ్రహాల మధ్య దూరం మారదు కదా. మన సంఖ్యా యోగం అలా కాదు, రాశి గీతలు జరిగితే లెక్క మారిపోతుంది. అందుకే పాశ్చాత్య పద్ధతి యాప్‌లో ఒకటి, మన పంచాంగంలో ఒకటి వస్తుంది, రెండూ కలిపి పులుసు చెయ్యకండి.

అపోహ: చెప్పింది అచ్చంగా సరిపోయింది, కాబట్టి నిజమే

నా పరువు పోయే సంగతి ఒకటి చెప్తా. పన్నెండేళ్ల కిందట రాయగడ నించి అన్నదమ్ములిద్దరి జాతకాలు వచ్చాయి, ఒకే కవర్లో. పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు, నేను గంటసేపు చెప్పా, పైకి గట్టిగా కనిపిస్తారు గానీ లోపల మెత్తన, సాయం చేసి మాట పడతారు, డబ్బు వస్తుంది గానీ నిలవదు. ఆయన ప్రతిదానికీ తలూపాడు, కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. లేచి వెళ్లబోతుంటే కాగితం తిరగేసి చూశాను కదా, అది తమ్ముడి జాతకం! ఆయనకి చెప్పేశాను, దక్షిణ వెనక్కిచ్చేశాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తర్వాత చదివితే తెలిసింది, 1948లో అమెరికాలో ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు 39 మంది విద్యార్థులకి ఎవరి ఫలితం వాళ్లదని చెప్పి అందరికీ ఒకే కాగితం ఇచ్చాడంట, అందులో వాక్యాలు జ్యోతిషం పుస్తకం నించి ఏరినవి. ఎంత సరిపోయిందో ఐదుకి మార్కులెయ్యమంటే సగటున 4.26 వేశారు. నేను రాయగడ ఆయనకి చెప్పింది కూడా అలాంటి కాగితమే. 1985లో నేచర్ పత్రికలో కార్ల్‌సన్ పరీక్ష వచ్చింది, జాతకం ఇచ్చి మూడు స్వభావ వర్ణనల్లో సరైనది ఏరమంటే జ్యోతిషులు మూడింట ఒకటే కొట్టారు, కళ్లు మూసుకుని ఏరినా అంతే వస్తుంది. మన దేశంలో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు మహారాష్ట్రలో చేశారు, చదువులో చురుకైన పిల్లలవీ మానసిక వైకల్యం ఉన్న పిల్లలవీ కలిపి ఒక్కో జ్యోతిషుడికి 40 జాతకాలిచ్చి విడదీయమన్నారు, జవాబు పంపిన 27 మంది సగటు 46 శాతం, బొమ్మా బొరుసూ వేసినా 50 వస్తుంది. 2009లో అచ్చయింది. మావాళ్లు చాలామంది ఈ పరీక్షల మీద విరుచుకుపడతారు, నేను పడను, నాకు రాయగడ కవర్ గుర్తుంది.

మరి ఇంకా ఎందుకు చూస్తున్నావయ్యా అంటారు. వచ్చినవాళ్లు చక్రం ముందేసుకుని ఇంట్లో చెప్పుకోలేనివి చెప్పుకుంటారండి, అది నా కళ్లతో చూస్తున్నా. గుణం మాత్రం చక్రం చూసి చెప్పను, వాళ్లు మాట్లాడింది విని చెప్తా, ఆ తేడా వాళ్లకి కూడా చెప్తా.

అపోహ: పుట్టిన టైం ఉంటే చాలు, సెకండ్లతో సహా లెక్క వచ్చేస్తుంది

ఇక్కడి ముసలమ్మలు "గుణుపురం బండి కూతేసినపుడు పుట్టాడు" అని చెప్తారు. నేరోగేజి బండి రోజుల సంగతి, ఆ రోజు బండి ఏ టైంకి వచ్చిందో ఎవరికి తెలుసు. పైగా మన ఊరు 84 డిగ్రీల రేఖాంశం దాటి ఉంది, దేశం టైం 82న్నర లెక్క, అంటే మన సూర్యుడు గడియారం కన్నా ఆరు నిమిషాలు ముందుంటాడు, బెరంపురం అయితే తొమ్మిది. లగ్నం నాలుగు నిమిషాలకి ఒక డిగ్రీ కదులుతుంది కాబట్టి రాశి అంచు మీద పుట్టినవాడికి భావాలన్నీ, అంటే లగ్నం నించి లెక్కపెట్టే పన్నెండు స్థానాలూ తారుమారు, లగ్నం నించి లెక్కపెట్టే నౌక, ఛత్రం, గద లాంటి యోగాలన్నీ పోతాయి.

పాతపట్నం ఆవిడకి ఇవన్నీ చెప్తే చివరికి "అయితే గుంటడు ఎలాటోడో మీరు చెప్పరా పంతులుగారూ" అన్నారు. చెప్పలేనమ్మా అన్నా. గుణుపురంలో వాళ్ల వీధి కిరాణా కొట్లో ఉప్పు కొనే వంకతో ఒక అరగంట కూర్చోండి, కుర్రాడు వాళ్లమ్మతో ఎలా మాట్లాడతాడో చూడండి అన్నా. మొహం ముడుచుకుని వెళ్లారు గానీ మంగళవారం ఫోన్ చేశారు, ఉప్పు రెండు కేజీలు కొన్నారంట.

నా దగ్గరికి వచ్చేవాళ్లు తాటాకు తెచ్చినా పర్లేదు, నోటుబుక్కులో పెన్సిల్‌తో గీసింది తెచ్చినా పర్లేదు, అన్నదమ్ములవైతే మాత్రం వేరు వేరు కవర్లలో పెట్టి పైన పేర్లు రాయండి.