తీసేసినా పోని ఆంక్షలు: విండోస్‌లో మూడు దశాబ్దాల చిక్కు

ఆఫీసు కంప్యూటర్‌లో కంట్రోల్ ప్యానెల్ తెరుచుకోకుండా అడ్మిన్ ఒక ఆంక్ష పెడతారు. కొన్నాళ్లకు ఎత్తేస్తారు. కంప్యూటర్ మాత్రం పాత పాటే పాడుతుంది. ఉద్యోగి అడిగితే ‘మా వైపు తీసేశాం’ అన్న జవాబు వస్తుంది. ఇద్దరూ చెప్పేది నిజమే. ఆంక్షను పెట్టే ఆదేశాన్ని, అంటే పాలసీని తీసేయడం వేరు, అది అప్పటికే కంప్యూటర్‌లో రాసిపెట్టిన రాతను చెరపడం వేరు.

ఈ చిక్కు విండోస్ 95, ఆ తర్వాత 1996లో ఆఫీసుల కోసం వచ్చిన విండోస్ ఎన్‌టీ 4.0 నాటిది. ఎన్‌టీలో ఆంక్షలన్నీ ఎన్‌టీకాన్ఫిగ్.పాల్ అనే ఫైల్‌లో ఉండేవి. ఉద్యోగి లాగిన్ కాగానే కంప్యూటర్ సర్వర్‌లోని ఆ ఫైల్‌ను చదివి, అందులోని విలువలను తన రిజిస్ట్రీలో, అంటే విండోస్ సెట్టింగులు దాచుకునే చోట, రాసుకునేది. అంతకుముందు అక్కడ ఏముందో గుర్తుపెట్టుకునేది కాదు. అందుకే ఫైల్‌ను తొలగించినా రాత మిగిలేది. అడ్మిన్లు దీన్ని టాటూ అనేవారు.

అప్పటి పాలసీ ఎడిటర్‌లో ప్రతి ఆంక్షకూ ఒక గడి ఉండేది. టిక్ పెడితే అమలు, ఖాళీ చేస్తే రద్దు, బూడిద రంగులో వదిలేస్తే ‘ముట్టుకోవద్దు’ అని అర్థం. టిక్ తీసి నేరుగా బూడిద రంగుకు మార్చితే పాత ఆంక్ష చెక్కుచెదరదు. ముందు గడిని ఖాళీ చేసి, అందరూ ఒక్కసారైనా లాగిన్ అయ్యేదాకా ఆగి, ఆ తర్వాతే బూడిదకు మార్చాలి. ఆ మధ్యకాలంలో సెలవులో ఉన్న ఉద్యోగికి పాత కట్టడి అలాగే ఉండిపోయేది.

2000 ఫిబ్రవరిలో విండోస్ 2000తో పాటు, ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ సర్వర్ నుంచి ఆంక్షలు పంపే గ్రూప్ పాలసీ అనే కొత్త పద్ధతి వచ్చింది. రిజిస్ట్రీలో పాలసీల కోసమే ప్రత్యేక స్థలాలు కేటాయించారు. మామూలు వినియోగదారుడు అక్కడ రాయలేడు. పాలసీ వర్తించడం ఆగితే ఆ విలువలను వ్యవస్థే తొలగిస్తుంది. నా దృష్టిలో ఇది ఈ చరిత్రలోకెల్లా మంచి మలుపు. అయితే ఆ స్థలాల బయట రాసే సెట్టింగులకు ఈ రక్షణ లేదు. ఎడిటర్ వాటిని ఎరుపు గుర్తుతో వేరుగా చూపించేది.

పాత గుణం మళ్లీ వేరే దారిన వచ్చింది. మైక్రోసాఫ్ట్ 2006లో డెస్క్‌టాప్‌స్టాండర్డ్ అనే కంపెనీని కొని, దాని సాంకేతికతను విండోస్ సర్వర్ 2008లో గ్రూప్ పాలసీ ప్రిఫరెన్సెస్‌గా ఇచ్చింది. వర్తించనప్పుడు తొలగించమనే గడి అందులో ఉంది, కానీ మొదటి నుంచీ ఖాళీగానే ఉంటుంది. దాన్ని ఎంచుకున్నా ఆ అంశం తొలగిపోతుందే తప్ప పాత విలువ తిరిగి రాదు. ఇంత ముఖ్యమైన ఎంపికను ఒక మూల ట్యాబ్‌లో దాచి ఉంచడం సరికాదని గట్టిగా అనుకుంటాను.

కాబట్టి ఆంక్ష మిగిలిందంటే మొదట తేల్చుకోవాల్సింది అది ఇంకా ఎక్కడినుంచైనా వస్తోందా, లేక పాత రాత మాత్రమేనా అన్నది. ఏ పాలసీలు వర్తిస్తున్నాయో చూపే జీపీరిజల్ట్ అనే విండోస్ కమాండ్ నివేదికలో ఆ సెట్టింగు కనిపిస్తే పాలసీ బతికే ఉంది. అప్పుడు రిజిస్ట్రీలో చెరిపినా మళ్లీ రావచ్చు, ఎందుకంటే గ్రూప్ పాలసీ సుమారు గంటన్నర నుంచి 2 గంటలకోసారి సర్వర్‌ను పలకరిస్తుంది, పాలసీలో మార్పు ఉంటే విలువలను మళ్లీ రాస్తుంది. నివేదికలో లేకుండా రిజిస్ట్రీలో ఉంటే అది మిగులు కావచ్చు. అయితే కంప్యూటర్లను, ఫోన్లను ఇంటర్నెట్ ద్వారా నిర్వహించే మైక్రోసాఫ్ట్ ఇంట్యూన్ వంటి సేవల నుంచి వచ్చేవి ఆ నివేదికలో పూర్తిగా కనిపించవు కనుక, సెట్టింగుల్లో ఆఫీసు ఖాతా ఇంకా జతై ఉందేమో చూడాలి. యంత్రం సంస్థదే అయితే చెరిపే పని అడ్మిన్‌కే వదిలేయాలి.

కొత్త కంప్యూటర్‌ను ఇంటర్నెట్ ద్వారానే సంస్థకు తగ్గట్టు సిద్ధం చేసే ఆటోపైలట్ 2017లో వచ్చింది, దాంతో ఆంక్ష యంత్రాన్ని కూడా దాటింది. ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ గుర్తింపు సంస్థ పేరిట మైక్రోసాఫ్ట్ వద్ద నమోదవుతుంది. విండోస్‌ను మళ్లీ ఎక్కించినా, ఇంటర్నెట్ తగలగానే పాత సంస్థ లాగిన్ తెర వస్తుంది. ఆ నమోదును తొలగించాల్సింది సంస్థే. సికింద్రాబాద్ సీటీసీ వంటి మార్కెట్లలో వాడిన కంపెనీ ల్యాప్‌టాప్ కొనే విద్యార్థి, డబ్బు చెల్లించే ముందే దాన్ని రీసెట్ చేయించి, ఇంటర్నెట్‌కు కలిపి, మొదటి తెరలో ఏ కంపెనీ పేరూ రాలేదని చూసుకోవాలి.