కోన్ అడ్డం రాదు, డిఫెండర్ వస్తాడు

వరసగా పెట్టిన కోన్ల మధ్య బంతిని చకచకా నడిపించిన పిల్లవాడే మ్యాచ్‌లో డిఫెండర్ మీదికి రాగానే బంతి పోగొట్టుకుంటాడు. ఇది ఫుట్‌బాల్ కోచ్‌లందరూ చూసేదే. వాడికి టెన్షన్ ఎక్కువనో, పట్టుదల తక్కువనో అనేస్తుంటారు. లోపం పిల్లవాడిది కాదు, వాడితో చేయించిన ప్రాక్టీస్‌ది అని నేను గట్టిగా నమ్ముతాను. కోన్ కదలదు, కాలు అడ్డం పెట్టదు. బంతిని ఎలా తిప్పాలో వాడు నేర్చుకున్నాడు. ఎప్పుడు తిప్పాలో తేల్చుకునే అవకాశమే వాడికి రాలేదు.

1920ల్లో సోవియట్ శాస్త్రవేత్త నికొలాయ్ బెర్న్‌స్టీన్, సుత్తితో ఉలిని కొట్టే పనివాళ్ల కదలికలను ఫిల్మ్ మీద రికార్డు చేశాడు. చేయి తిరిగిన పనివాళ్లు కాబట్టి ప్రతి దెబ్బకూ చెయ్యి ఒకేలా కదులుతుందనే ఎవరైనా అనుకుంటారు. తీరా చూస్తే సుత్తి పడే చోటు దాదాపు మారలేదు గానీ భుజం, మోచేయి, మణికట్టు కదలికలు మాత్రం దెబ్బదెబ్బకూ ఎంతో కొంత మారాయి. ఒక కీలు కాస్త ఎక్కువ కదిలితే ఇంకొకటి దాన్ని సర్దింది. దీన్నిబట్టి ఆయన ప్రాక్టీస్‌కు కొత్త అర్థం చెప్పాడు. ఒకే పరిష్కారాన్ని వల్లె వేయడం కాదు, ఒకే సమస్యను ప్రతిసారీ కొత్తగా పరిష్కరించడమే ప్రాక్టీస్ అన్నాడు. ఫుట్‌బాల్‌కు ఇది అక్షరాలా వర్తిస్తుంది. ఒక బంతి నేలబారుగా వస్తుంది, ఇంకోటి మోకాలి ఎత్తున వస్తుంది, మరోటి తడి గడ్డి మీద జారుకుంటూ వస్తుంది. మంచి ఫస్ట్ టచ్, అంటే వచ్చిన బంతిని మొదటి తాకుతోనే అదుపు చేసే నేర్పు, ఉన్నవాడి కాలు మూడుసార్లూ ఒకేలా కదలదు. బంతి మాత్రం మూడుసార్లూ వాడు అనుకున్న చోటే ఆగుతుంది.

మరి ప్రాక్టీస్‌ను ఎలా అమర్చాలి? జాన్ షే, రాబిన్ మోర్గన్ 1979లో చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. ఒక గుంపుకు మూడు రకాల చేతి కదలికలను ఒకటి పూర్తయ్యాక ఇంకొకటిగా నేర్పారు. రెండో గుంపుకు మూడింటినీ కలగలిపి నేర్పారు. ప్రాక్టీస్ జరుగుతున్నంతసేపూ మొదటి గుంపే ముందుంది. పది రోజుల తర్వాత పరీక్షిస్తే మాత్రం కలగలిపి నేర్చుకున్నవాళ్లకే బాగా గుర్తుంది. ఇరవై పాస్‌లు ఒకే దూరం నుంచి వరసగా కొట్టిస్తే గ్రౌండ్ బయట నిలబడ్డ తల్లిదండ్రుల కళ్లకు అది ముచ్చటగానే ఉంటుంది. పాస్, డ్రిబ్లింగ్ (బంతిని కాలితో నడిపించుకుంటూ వెళ్లడం), షాట్ మార్చిమార్చి చేయిస్తే తప్పులు ఎక్కువవుతాయి, చూడటానికి గజిబిజిగా ఉంటుంది. చాలాకాలం నిలిచే నేర్పు ఆ గజిబిజిలోనే వస్తుంది. బంతిని అప్పుడప్పుడే తాకుతున్న చిన్నపిల్లల సంగతి వేరు. వాళ్లకు ఒకే పనిని కొంతసేపు అలవాటు చేయించడంలో తప్పు లేదు, అక్కడే ఆగిపోకూడదు అంతే.

తక్కువమందితో ఆడించమనడానికీ కారణం ఇదే. పదకొండు మంది చొప్పున ఆడితే ఇరవై రెండు మందికీ ఉన్నది ఒకే బంతి. జర్మనీ ఫుట్‌బాల్ సంఘం 2024-25 సీజన్ నుంచి అతి చిన్న పిల్లలకు ఇద్దరిద్దరు, ముగ్గురుముగ్గురు చొప్పున, నాలుగు చిన్న గోల్‌పోస్టులతో ఆటలు తప్పనిసరి చేసింది. అమెరికాలో 2017 నుంచి ఎనిమిదేళ్ల లోపు వాళ్లు నలుగురు నలుగురుగానే ఆడుతున్నారు. బంతి తరచూ కాలికి తగులుతుంది. దానికంటే ముఖ్యం, ప్రతిసారీ ఎవరో ఒకరు మీదికొస్తుంటారు.

నేర్పులో సగం కంటిదే. నార్వే పరిశోధకుడు గేర్ యోర్డెట్ ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ మిడ్‌ఫీల్డర్లను గమనించాడు. బంతి అందుకోబోయే ముందు తల తిప్పి చుట్టూ ఎక్కువసార్లు చూసుకున్నవాళ్లే ఎక్కువ పాస్‌లు సరిగ్గా ఇచ్చారు. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ చావీ ఇందులో పేరుపొందినవాడు. కోన్ల మధ్య తల ఎత్తాల్సిన పనే ఉండదు కాబట్టి అక్కడ ఈ అలవాటు రాదు.

గ్రౌండ్ బయట నిలబడి ఇలా ఆడు, అలా ఆడు అంటూ వేసే అరుపుల గురించి కూడా చెప్పాలి. 2002లో సియాన్ బైలాక్ బృందం అనుభవమున్న ఆటగాళ్లతో డ్రిబ్లింగ్ చేయించింది. పాదం ఎటువైపు బంతిని తాకుతోందో గమనిస్తూ చేయమన్నప్పుడు కుడికాలితో వాళ్ల వేగం తగ్గింది. అంతగా అలవాటు లేని ఎడమకాలికి మాత్రం ఆ ధ్యాసే మేలు చేసింది. అంటే కొత్త పని నేర్చుకునేటప్పుడు ‘పాదం చూసుకో’ అనడం సబబే. వచ్చేసిన పనిని మ్యాచ్ మధ్యలో విడదీసి చెబితే అది చెడుతుంది.

ఎదుగుదల ఇంకో చిక్కు. అమ్మాయిలు సుమారు పన్నెండేళ్లకు, అబ్బాయిలు సుమారు పద్నాలుగేళ్లకు చాలా వేగంగా పొడుగవుతారు. కాళ్ల పొడవు మారడంతో అప్పటిదాకా పట్టుబడిన టచ్ కొన్నాళ్లు తడబడవచ్చు. సరిగ్గా ఆ వయసులోనే ‘వీడికి ఆట రాదు’ అని పక్కన పెట్టడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ముందే ఎదిగినవాడు బలంతో నెట్టుకొచ్చేస్తాడు, నేర్పు అవసరమే పడదు. ప్రీమియర్ లీగ్ అకాడమీల్లో పుట్టిన తేదీని బట్టి కాకుండా శరీర ఎదుగుదలను బట్టి జట్లు కట్టి ఒక టోర్నమెంట్ ఆడించి, పిల్లలనే అడిగారు. ఇక్కడ బలం చాలదు, టెక్నిక్ వాడక తప్పలేదని ముందే ఎదిగినవాళ్లు చెప్పారు. ఆలస్యంగా ఎదుగుతున్నవాళ్లేమో, తమకు వచ్చింది చూపించే వీలు దొరికిందన్నారు.