రాజాజీ నాటి 'స్వరాజ్య', ఇప్పటి 'స్వరాజ్య'

ఇంగ్లిష్‌లో వచ్చే 'స్వరాజ్య'ను ఇవాళ చాలామంది మోదీ అనుకూల ఆన్‌లైన్ పత్రికగానే ఎరుగుదురు. దాని పుట్టుక మాత్రం వేరు. 1956లో మద్రాసులో దాన్ని మొదలుపెట్టింది నెల్లూరు జిల్లా మనిషి, ఖాసా సుబ్బారావు. అంతకుముందు టంగుటూరి ప్రకాశం నడిపిన 'స్వరాజ్య' దినపత్రికలో పనిచేసిన ఆయన, అదే పేరును తన వారపత్రికకు పెట్టుకున్నారు. వెనక పెద్దదిక్కు రాజాజీ, అంటే మద్రాసు మాజీ ముఖ్యమంత్రి చక్రవర్తి రాజగోపాలాచారి.

ఫ్యాక్టరీ పెట్టాలన్నా, ఉన్నదాన్ని పెంచాలన్నా ఢిల్లీ అనుమతి కావాల్సిన రోజులవి. ఆ 'లైసెన్స్ పర్మిట్ రాజ్' మీదే పత్రిక పోరంతా. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ, రైతుల భూములు కలిపి సాగు చేయాలనే సహకార వ్యవసాయ తీర్మానం చేయడంతో, భూమి చేజారుతుందేమోనని రైతుల్లో టెన్షన్ మొదలైంది. రైతు నాయకుడు ఎన్.జి. రంగా కాంగ్రెస్ వదిలి, ఆ ఏడాదే రాజాజీ పెట్టిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షుడయ్యారు. పత్రిక ఆ పార్టీకి గొంతులా మారింది. 1967లో పార్టీ 44 లోక్‌సభ సీట్లు గెలిచింది. 1972లో రాజాజీ పోయారు, 1974లో పార్టీ వేరే పార్టీలో కలిసిపోయింది, 1980లో పత్రిక మూతపడింది.

2014లో, మోదీ ప్రధాని అయిన కొన్ని నెలలకే, కొత్త యాజమాన్యం దాన్ని ఆన్‌లైన్‌లో మళ్లీ తెచ్చింది. మార్కెట్లు, ప్రైవేటీకరణ గురించి రాసేటప్పుడు పాత ధోరణే వినిపిస్తుంది. గుళ్లపై ప్రభుత్వ అజమాయిషీ పోవాలన్న వాదన దీనికి బాగా ఇష్టం. తెలుగు రాష్ట్రాల్లో దేవాదాయ శాఖ తీరు చూసినవాళ్లకు ఇది కొత్త గొడవేం కాదు. వ్యాపారంలో సర్కారుకేం పని అన్నవాళ్లు గుడిలో ఏం పని అంటున్నారనుకుంటే, దీన్నీ పాత వాదానికి కొనసాగింపు అనుకోవచ్చు.

కశ్మీర్ దగ్గర మాత్రం ఆ లంకె తెగిపోతుంది. 1964లో కశ్మీర్ నేత షేక్ అబ్దుల్లా జైలు నుంచి విడుదలైనప్పుడు, పాకిస్తాన్‌తో మాట్లాడి తేల్చుకోవాలన్న పక్షాన రాజాజీ నిలబడ్డారు. బీజేపీకి పూర్వరూపమైన జనసంఘ్ మండిపడింది. ఇప్పటి 'స్వరాజ్య' కశ్మీర్‌కు ప్రత్యేక హోదా ఇచ్చిన 370వ అధికరణ రద్దును గట్టిగా సమర్థించింది. అణు పరీక్షలు ఆపమని కెనెడీకి చెప్పడానికి 83 ఏళ్ల వయసులో అమెరికా వెళ్లిన రాజాజీ, ఆ విషయంలోనూ ఈ పత్రికలో ఇమడరు.

నా దృష్టిలో అసలు తేడా ఇంకొకటి. రాజాజీ పత్రిక బతికిన కాలమంతా దాదాపుగా ఢిల్లీ గద్దె మీద తనకు నచ్చని పార్టీయే ఉంది. మళ్లీ పుట్టిన 'స్వరాజ్య'కు ఇంతవరకూ ఆ పరిస్థితే రాలేదు.